ప్రత్యేక అవసరాలున్న 3–6 ఏళ్ల పిల్లలకు బహుమతి పద్ధతి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆటిజం, డౌన్ సిండ్రోమ్, ఏడీహెచ్‌డీ (నిలకడ లేకపోవడం, అతి చురుకుదనం), సెరెబ్రల్ పాల్సీ (మెదడులోని లోపం వల్ల కదలికలు కష్టమవడం), వినికిడి లోపం, ఎదుగుదలలో ఆలస్యం... డాక్టరు రాసిన పేరు ఏదైనా, "ఎన్నిసార్లు చెప్పినా వినడండీ" అన్న మాట మాత్రం అందరిళ్లలోనూ వినిపిస్తుంది. పని జరిగాక వెంటనే ఇష్టమైనది ఇచ్చి నేర్పే బహుమతి పద్ధతి గురించి అలాంటి పిల్లల అమ్మానాన్నలు, అమ్మమ్మలు, నానమ్మలు, అంగన్‌వాడీ టీచర్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. ఇక్కడ చెప్పినవన్నీ ఇంట్లో ఉన్న వస్తువులతో చేసుకోగలిగేవే. మీ బిడ్డను స్వయంగా చూసిన డాక్టరు గానీ థెరపిస్టు గానీ వేరేలా చెప్పి ఉంటే వాళ్ల మాటే పాటించండి.

ఏదో ఒకటి ఇచ్చి పని చేయించుకోవడం లంచం కాదా?

ఎప్పుడు ఇచ్చారన్నదాన్ని బట్టి ఉంటుంది. కిరాణా కొట్టు ముందు బాబు నేలమీద పడి దొర్లుతున్నాడు. నలుగురూ చూస్తున్నారని ఒక చాక్లెట్ కొని చేతిలో పెట్టారు. ఏడుపు ఆగింది. వాడు ఆ రోజు నేర్చుకున్నది ఒక్కటే: దొర్లితే చాక్లెట్ వస్తుంది. అదే వాడితో ఇంటి గుమ్మం దగ్గరే "నా చెయ్యి పట్టుకుని కొట్టు దాకా నడువు, నడిస్తే బుడగలు ఊదుకుందాం" అని చెప్పి, నడిచాక వెంటనే ఊదితే అది బహుమతి. మొదటిది గొడవను ఆపడానికి ఇచ్చింది. రెండోది మంచి పని జరిగాక, ముందే అనుకున్న ప్రకారం ఇచ్చింది.

ఒక పని తర్వాత మంచి ఫలితం వస్తే ఆ పని మళ్లీ చేస్తారన్న సంగతిని అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ వందేళ్ల కిందటే ప్రయోగాలతో చూపించాడు. ఆ తర్వాత బి.ఎఫ్. స్కిన్నర్ దాన్ని పెద్ద శాస్త్రంగా మలిచాడు. తెలిసో తెలియకో ప్రతి ఇంట్లోనూ ఇది జరుగుతూనే ఉంటుంది. దొర్లడానికి ఇస్తున్నామా, నడవడానికి ఇస్తున్నామా అన్నది మాత్రం మన చేతిలో ఉంది.

మిగతా పిల్లలు ఇవేవీ లేకుండానే నేర్చుకుంటున్నారు కదా. మా వాడికే ఎందుకు?

వాళ్లకూ బహుమతులు అందుతూనే ఉంటాయి, మనకు కనబడవు అంతే. అమ్మ ముఖంలో నవ్వు, తాతయ్య "భలే" అనడం, పక్కింటి పిల్లలు తనవైపు చూడటం, ఇవన్నీ మామూలు పిల్లలకు బహుమతులే. ఆటిజం ఉన్న కొందరు పిల్లలకు ఆ నవ్వు, ఆ మెచ్చుకోలు మొదట్లో పెద్దగా అందవు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు ఆలస్యంగా వచ్చే బహుమతి మీద ఆసక్తి నిలవదు, అప్పటికప్పుడు రావాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న చాలామంది విన్నదాని కంటే చూసినదాన్ని బాగా గుర్తుంచుకుంటారు కాబట్టి కంటికి కనబడే గుర్తు వాళ్లకు సాయపడుతుంది. సెరెబ్రల్ పాల్సీ ఉన్న పాపకు చొక్కా చేతిలోకి చెయ్యి దూర్చడమే పెద్ద కష్టం. అంత కష్టపడ్డాక దక్కేది ఒట్టి చొక్కానే అయితే రెండోసారి ఎందుకు ప్రయత్నించాలి?

ఇంకొకటి కూడా ఉంది. ఈ పిల్లలు పొద్దున లేచింది మొదలు "వద్దు", "అలా కాదు", "ముట్టుకోకు" అన్న మాటలే ఎక్కువగా వింటారు. ఏది సరైనదో చెప్పేవాళ్లు తక్కువ. బహుమతి ఆ సమాచారాన్ని ఇస్తుంది: ఇప్పుడు చేశావే, అదే మాకు కావాల్సింది.

మా పాపకు ఏ బొమ్మా నచ్చదు. బహుమతిగా ఏమివ్వాలి?

బొమ్మల కొట్టులో వెతక్కండి, పాపను చూడండి. తనను ఎవరూ పట్టించుకోనప్పుడు ఏం చేస్తోంది? గిన్నె మూత తిప్పుతోందా, కుళాయి నీళ్ల కింద చెయ్యి పెడుతోందా, ఫ్యాను వైపే చూస్తోందా? అదే తన బహుమతి. ఒక పిల్లవాడికి చీర ఊయలలో నాలుగు ఊపులు, ఇంకొకరికి నాన్న భుజాన ఉప్పుబస్తా ఆట, మరొకరికి స్టాండు వేసిన బండి మీద కూర్చుని హారన్ ఒక్కసారి కొట్టడం. దుప్పట్లో చుట్టి గట్టిగా నొక్కితే కిలకిల నవ్వే పిల్లలూ ఉంటారు. పైసా ఖర్చు లేదు.

తేల్చుకోలేకపోతే రెండు వస్తువులు పక్కపక్కన పెట్టి ఏ వైపు చెయ్యి వెళ్తుందో చూడండి. జతలు మార్చి మళ్లీ పెట్టండి. నిపుణులు 1990ల నుంచీ చేస్తున్న పరీక్ష కూడా సరిగ్గా ఇదే, వాళ్లు కాగితం మీద లెక్క రాసుకుంటారు, అంతే తేడా. ఇష్టాలు మారిపోతుంటాయి కాబట్టి ఒకసారి చూసి వదిలేయకండి.

పాపకు బాగా నచ్చిన రెండు మూడు వస్తువులను అల్మారా పైన పెట్టి, నేర్చుకునే సమయంలోనే దించండి. రోజంతా చేతిలో ఉన్న వస్తువు కోసం ఎవరూ కష్టపడరు. అయితే పాప నిద్రపోవడానికి పట్టుకునే గుడ్డ, భయమేస్తే హత్తుకునే బొమ్మ లాంటివి మాత్రం ఈ లెక్కలోకి తేవద్దు. అవి ఎప్పుడూ తన దగ్గరే ఉండాలి.

తినే వస్తువులు ఇవ్వొచ్చా?

వేరే ఏదీ పనిచేయనప్పుడు, మొదట్లో, చాలా కొంచెంగా ఇవ్వొచ్చు. కొంచెం అంటే ఒక మరమరం గింజ, ఖర్జూరంలో గోరంత ముక్క. బిస్కెట్ మొత్తం ఇస్తే దాన్ని తినడానికే రెండు నిమిషాలు పడుతుంది. ఆలోపు ఏం చేసినందుకు ఇచ్చారో పిల్లవాడు మరిచిపోతాడు. ప్రతిసారీ దాంతోపాటు మీ నవ్వు, మీ మాట కూడా ఉండాలి. కొన్నాళ్లకు ముక్క తగ్గించి మాటను మిగల్చడానికి అదే దారి.

ఇవ్వకూడని సందర్భాలు చాలానే ఉన్నాయి. మింగడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకు, ముఖ్యంగా సెరెబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లకు, ఏ ముక్క సురక్షితమో థెరపిస్టును అడగకుండా ఇవ్వొద్దు. పల్లీలు, పాప్‌కార్న్, గుండ్రటి ద్రాక్ష, గట్టి చాక్లెట్ ఈ వయసులో ఏ బిడ్డకైనా గొంతులో అడ్డం పడొచ్చు. మూర్ఛకు కీటోజెనిక్ ఆహారం (పిండిపదార్థాలు బాగా తగ్గించి, కొవ్వు పెంచిన ఆహారం) మీద ఉన్న బిడ్డకు చిటికెడు చక్కెర కూడా చికిత్సను దెబ్బతీస్తుంది. ప్రాడర్–విల్లీ సిండ్రోమ్ అనే జన్యు సమస్య ఉన్నవాళ్లకు ఆకలి తీరడమంటూ ఉండదు. వాళ్ల దగ్గర తిండిని బహుమతిగా వాడితే కొత్త సమస్య తెచ్చుకున్నట్టే. డౌన్ సిండ్రోమ్‌లో థైరాయిడ్ సమస్య, బరువు పెరగడం సాధారణం కాబట్టి అక్కడా జాగ్రత్త.

అన్నిటికంటే ముఖ్యం, భోజనం బహుమతి కాకూడదు. "చెప్పింది చేస్తేనే అన్నం" అనే మాట ఏ ఇంట్లోనూ రాకూడదు. అంగన్‌వాడీలో పెట్టే గుడ్డు, అన్నం 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం 6 ఏళ్ల లోపు పిల్లల హక్కు. అల్లరి చేశాడని గుడ్డు ఆపడానికి ఎవరికీ అధికారం లేదు.

కూర తింటే స్వీటు ఇస్తామని చెప్పొచ్చా?

వద్దు. ఇలా చెబితే కూర శిక్ష, స్వీటు బహుమానం అని మనమే నేర్పిన వాళ్లమవుతాం. పిల్లల తిండి అలవాట్లపై పరిశోధించిన లీన్ బిర్చ్ బృందం 1984లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక పానీయం తాగినందుకు బహుమతి పొందిన ప్రీస్కూల్ పిల్లలకు తర్వాత ఆ పానీయం మీద ఇష్టం తగ్గింది. కొత్త కూరను నాలుకకు తాకించినందుకు ఒక స్టిక్కర్ అంటే పరవాలేదు. అక్కడ బహుమతి తిండి కాదు, అడిగింది కూడా కంచం ఖాళీ చేయమని కాదు.

ఫోన్‌లో వీడియో ఒక్కటే పనిచేస్తోంది. ఏం చేయాలి?

పనిచేస్తుంది, అదే దాంతో చిక్కు. ఫోన్‌కు అలవాటుపడ్డ బిడ్డకు బుడగలు, ఊయల చప్పగా అనిపిస్తాయి. పైగా ఫోన్ వెనక్కి తీసుకున్న ప్రతిసారీ ఒక యుద్ధం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో, మన పిల్లల వైద్యుల సంఘం ఐఏపీ 2021లో ఇచ్చిన సూచనల ప్రకారం 5 ఏళ్ల లోపు పిల్లలకు స్క్రీన్ రోజుకు గంట దాటకూడదు. వాడక తప్పదనుకుంటే చిన్న పాట ఒకటి పెట్టండి. పాట అయిపోగానే అదే ఆగిపోవాలి, తర్వాతి వీడియో దానంతటదే మొదలయ్యే సెట్టింగ్ తీసేయండి. ఫోన్ లాక్కోవడం కంటే "పాట అయిపోయింది, ఇప్పుడు నీళ్ల ఆట" అనడం సులువు.

మాట్లాడలేని పిల్లలు తమ మాట కోసం వాడుకునే ట్యాబ్, బొమ్మల కార్డులు మాత్రం వేరే సంగతి. అవి వాళ్ల నోరు. ఏ కారణంతోనూ వాటిని దాచిపెట్టకూడదు.

గోడకు స్టార్ చార్ట్ పెట్టాం. వాడు దానివైపే చూడటం లేదు.

అచ్చు వేసిన ఆ చార్టులు ఎక్కువగా బడికి వెళ్లే పెద్ద పిల్లలకు సరిపోతాయి. "ఆదివారానికి 10 స్టార్లు వస్తే పార్కు" అంటే నాలుగేళ్ల వాడికి ఆదివారమంటే ఏమిటో తెలియదు. ఎదుగుదల రెండేళ్ల దగ్గర ఉన్న నాలుగేళ్ల బిడ్డకైతే మరీ దూరం. ఆ చార్టు అమ్మానాన్నలకు తృప్తినిస్తుంది, అంతకుమించి ఏమీ చేయదు.

దాని బదులు చేతికి అందే గుర్తులు వాడండి. సొంతంగా విలువ లేని ఒక గుర్తును ఇచ్చి, దాన్ని ఇష్టమైన వస్తువుకు మార్చుకోనివ్వడం 1960లలో టియొడోరో అయ్యాన్, నేథన్ అజ్రిన్ అమెరికాలోని ఒక ఆసుపత్రిలో పెద్దవాళ్లతో మొదలుపెట్టిన పద్ధతి. పిల్లలకు దాన్ని బాగా కుదించాలి.

చింతగింజలు, ఒక ఖాళీ స్టీలు డబ్బా తీసుకోండి. గింజ పడితే టంగుమని మోగుతుంది, ఆ మోతే కొందరికి సగం బహుమతి. మొదట ఒక్క గింజతోనే. పని అయింది, గింజ చేతికిచ్చారు, వాడే డబ్బాలో వేశాడు, వెంటనే ఊయల. గింజ అంటే ఊయల అన్న సంగతి అర్థమయ్యాక రెండు చేయండి. మూడు, మహా అయితే ఐదు. ఈ వయసులో అంతకు మించి అక్కర్లేదు. నేలమీద సుద్దతో మూడు సున్నాలు గీసి గింజలు వాటిలో పెట్టిస్తే, ఇంకా ఎన్ని కావాలో లెక్క రాని పిల్లవాడికి కూడా కనబడుతుంది. గింజను పెద్దవాళ్లు డబ్బాలో వేయొద్దు. వాడే వేయాలి, వాడే తెచ్చి మార్చుకోవాలి.

ఏదైనా నోట్లోనో ముక్కులోనో పెట్టుకునే పిల్లలకు చింతగింజలు వద్దే వద్దు. అట్టముక్క అంచుకు బట్టల క్లిప్పులు పెట్టించండి. వేళ్లకు బలం కూడా వస్తుంది.

పొరపాటు చేస్తే ఇచ్చిన గింజ వెనక్కి తీసుకోవచ్చా?

వద్దు. సంపాదించింది సంపాదించినట్టే. వెనక్కి లాక్కుంటే ఈ వయసు పిల్లవాడికి కోపం తప్ప పాఠం మిగలదు.

ఏ పనితో మొదలుపెట్టాలి?

ఒక్క పనితో. "బుద్ధిగా ఉండాలి" అనేది పని కాదు, ఎవరికీ కనబడదు. "పిలిస్తే తల తిప్పడం", "చెప్పులు అరలో పెట్టడం", "కుర్చీలో ఒక పాట అయ్యేదాకా కూర్చోవడం" ఇవి పనులు. ఇంట్లో ముగ్గురు చూస్తే ముగ్గురూ "చేశాడు" లేదా "చేయలేదు" అని ఒకే మాట చెప్పగలగాలి.

పెద్ద పనిని ముక్కలు చేయండి. నిక్కరు వేసుకోవడం చూద్దాం. పట్టుకోవడం, ఒక కాలు, రెండో కాలు, మోకాళ్ల దాకా, నడుము దాకా. మొదటి నుంచి కాకుండా చివరి నుంచి నేర్పితే పిల్లలకు బాగా అందుతుంది. అన్నీ మీరే చేసి, నడుము దాకా లాగడం మాత్రం వాడికి వదిలేయండి. లాగాడు, పని పూర్తయింది, గింజ వచ్చింది. రోజూ పని వాడి చేతుల్లోనే పూర్తవుతుంది. అది కుదిరాక ఒక్కో అడుగు వెనక్కి రండి.

మొదటిరోజు పదిసార్లు ప్రయత్నిస్తే ఎనిమిదిసార్లు గెలిచేంత చిన్నదిగా పని ఉండాలి. ఎక్కువసార్లు ఓడిపోతున్నాడంటే తప్పు పని కొలతలో ఉంది. బిడ్డను తిట్టే ముందు, బహుమతి మార్చే ముందు, పనిని సగానికి కోయండి. బహుమతి పద్ధతి "మా వాడికి పనిచేయలేదు" అని వచ్చే ఇళ్లలో ఎక్కువసార్లు కనబడేది ఇదే.

"ముందు–తర్వాత" కార్డు అంటే ఏమిటి?

ఒక అట్టమీద రెండు గళ్లు. ఎడమవైపు చేయాల్సిన పని ఫొటో, కుడివైపు ఇష్టమైన దాని ఫొటో. "ముందు బ్రష్, తర్వాత నీళ్లాట." అంతే మాటలు. "నాన్నా బంగారం, పళ్లు తోముకోకపోతే పురుగులు పడతాయి కదా, తోముకుంటే నీకు..." అంటూ పోతే మాట అర్థం చేసుకోవడం కష్టమైన బిడ్డకు చివరికి మిగిలేది శబ్దమే.

ఎక్కువ ఇష్టమైన పనిని తక్కువ ఇష్టమైన పని వెనక పెడితే రెండోది కూడా జరుగుతుందని మనస్తత్వవేత్త డేవిడ్ ప్రిమాక్ 1959లో రాశాడు. అమెరికాలో దీన్ని బామ్మల సూత్రమని కూడా అంటారు. ఫొటోలు మీ ఇంటి బ్రష్‌వి, మీ ఇంటి బకెట్‌వే అయ్యుండాలి. నెట్‌లో దొరికే కార్టూన్ బ్రష్, తన బ్రష్ ఒకటేనని కొందరు పిల్లలకు తోచదు.

మాటలు రాని పిల్లలకు కూడా ఇది పనికొస్తుందా?

ఇంకా ఎక్కువగా పనికొస్తుంది. ఇక్కడ బహుమతి వేరే ఏదో అక్కర్లేదు, అడిగిన వస్తువే బహుమతి. పాప బంతి వైపు చూసి "బా" అంది. వెంటనే బంతి ఇవ్వండి. "బంతి అని సరిగ్గా చెప్పు" అని చేతిలో పట్టుకుని నిలబడకండి. ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ 1985లో అమెరికాలోని డెలావేర్‌లో తయారుచేసిన పెక్స్ అనే బొమ్మల మార్పిడి పద్ధతి కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది: బిడ్డ బొమ్మ కార్డు ఇస్తాడు, ఆ వస్తువు అందుకుంటాడు. మాట ఇంకా రాకపోయినా, అడిగితే లోకం జవాబిస్తుందని తెలుస్తుంది. అది తెలిశాక ఏడ్చి సాధించుకోవాల్సిన అవసరం చాలావరకు తగ్గుతుంది.

మెచ్చుకుంటే చెవులు మూసుకుంటాడు. ఏమనాలి?

చప్పట్లు, కేకలు కొందరు పిల్లలకు నొప్పిలా ఉంటాయి. మెల్లగా, దగ్గరగా వచ్చి, చేసిన పనినే చెప్పండి: "చెప్పులు నువ్వే పెట్టావు." "గుడ్ బాయ్" కంటే దీనికి విలువ ఎక్కువ, ఎందుకంటే దేనికి మెచ్చుకున్నారో అందులోనే ఉంది. వినికిడి లోపం ఉన్న బిడ్డకు కళ్లకు ఎదురుగా వచ్చి బొటనవేలు పైకెత్తి చూపండి. చూపు లేని పాపకు గింజ మోత, భుజం మీద తెలిసిన స్పర్శ. శరీరం సహకరించని పిల్లలకు ఫలితం కోసం ఆగకండి, చెయ్యి ఆ వైపు కదిలినా చాలు.

మొదట్లో బాగా పనిచేసింది, ఇప్పుడు లేదు.

ఇవి చూసుకోండి. అదే బహుమతి మొహం మొత్తిందేమో. ఎదురుచూపు పెరిగిపోయిందేమో, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకైతే నిమిషం కూడా ఎక్కువే. గింజల సంఖ్య తొందరపడి పెంచారేమో. వీటిలో ఏదీ కాకపోతే ఒంట్లో బాగుందా అని చూడండి. చెవినొప్పి, పంటినొప్పి, మలబద్ధకం, సరిపోని నిద్ర: చెప్పలేని పిల్లల్లో ఇవన్నీ మొండితనంలా కనిపిస్తాయి.

ఏడిస్తే పట్టించుకోవద్దన్నారు. పట్టించుకోకపోతే ఇంకా పెరిగింది!

పెరుగుతుంది. ఇన్నాళ్లూ ఏడిస్తే దొరికింది, ఇప్పుడు దొరకడం లేదంటే ఇంకాస్త గట్టిగా ఏడిచి చూస్తారు. సరిగ్గా ఆ రోజే లొంగిపోయి ఇచ్చేస్తే, ఇకనుంచి అంత గట్టిగా ఏడవాలని నేర్పినట్టు. అందుకే చివరిదాకా నిలబడగలమని నమ్మకముంటేనే మొదలుపెట్టండి. చుట్టాలొచ్చే వారంలో, పెళ్లి ప్రయాణంలో మొదలుపెట్టకండి. ఏడుపును పట్టించుకోకపోవడం ఒక్కటే సరిపోదు, అదే వస్తువును సరిగ్గా అడగడం ఎలాగో కూడా పక్కనే నేర్పాలి. చెయ్యి చాపడం, కార్డు ఇవ్వడం, ఏదైనా సరే.

తల గోడకేసి కొట్టుకోవడం, చేతులు కొరుక్కోవడం ఉంటే ఇంట్లో సొంతంగా ఈ ప్రయోగం చేయకండి. నిపుణుల దగ్గరికి వెళ్లండి.

జీవితాంతం బహుమతి అడుగుతూనే ఉంటాడేమో?

ఈ భయానికి ఆధారం లేకపోలేదు. మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ 1973లో ప్రచురించిన ప్రయోగం ప్రసిద్ధమైనది. స్కెచ్ పెన్నులతో బొమ్మలు గీయడమంటే అప్పటికే ఇష్టమున్న నర్సరీ పిల్లల్లో కొందరికి, గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. తర్వాత ఎవరూ ఏమీ ఇవ్వనప్పుడు చూస్తే, ఆ పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సమయమే బొమ్మల దగ్గర గడిపారు. చెప్పకుండా హఠాత్తుగా ఇచ్చిన పిల్లల్లో ఆ నష్టం కనిపించలేదు.

కాబట్టి బిడ్డ ఇష్టంగా చేసే పనికి గింజ ఇవ్వకండి. బ్లాకులు పేర్చుకుంటున్నవాణ్ని పేర్చుకోనివ్వండి. కానీ బ్రష్‌ను చూస్తేనే పారిపోయే బిడ్డకు బ్రష్ మీద పోగొట్టుకోవడానికి ఇష్టమంటూ ఏదీ లేదు. బహుమతి పని అక్కడే.

మానిపించడం కూడా మొదటిరోజే ఆలోచించుకోవాలి. కొత్తగా నేర్చుకునేటప్పుడు ప్రతిసారీ ఇవ్వండి. బాగా వచ్చాక ఒకసారి ఇచ్చి ఒకసారి మాటతో సరిపెట్టండి, తర్వాత మూడు నాలుగు సార్లకు ఒకసారి, ఎప్పుడొస్తుందో తెలియకుండా. మెచ్చుకోలు మాత్రం మానొద్దు. చివరికి ఆ పనికే ఉన్న ఫలితం మిగలాలి: చెప్పులు వేసుకుంటే బయటికి వెళ్లొచ్చు, చెయ్యి ఎత్తితే టీచర్ వస్తుంది. మధ్యలో జారిపోతే ఒక మెట్టు వెనక్కి వెళ్లండి, ఫరవాలేదు. కొందరు పిల్లలకు కొన్ని పనుల్లో గుర్తులు ఏళ్ల తరబడి కావాలి. అందులో నామోషీ ఏమీ లేదు.

నానమ్మ అడక్కుండానే అన్నీ ఇచ్చేస్తుంది. ఎలా?

నానమ్మతో వాదించి గెలిచిన కోడలు లేదు. వాదించకుండా ఆవిడకు ఒక పదవి ఇవ్వండి. "అత్తయ్యా, బాబు గింజలు తెస్తే ఊయల ఊపేది మీరే" అనండి. బహుమతి ఆవిడ చేతి మీదుగా వెళ్తే నియమాన్ని ఆవిడే కాపాడుతుంది. ఆవిడ ప్రేమగా పెట్టే సున్నుండను మాత్రం బహుమతి జాబితాలోంచి తీసేయండి. అది ఎలాగూ ఆగదు, ఆగని దానితో బేరం కుదరదు.

అన్నకు ఏమీ లేదా అని పెద్దవాడు అడుగుతున్నాడు.

న్యాయమైన ప్రశ్న. వాడికీ వాడి వయసుకు తగ్గ ఒక పని, ఒక డబ్బా పెట్టండి. తమ్ముడిని చూసుకోవడాన్ని మాత్రం ఆ పనిగా పెట్టకండి.

టాయిలెట్ అలవాటుకు ఇది వాడొచ్చా?

వాడొచ్చు, కానీ బహుమతి కూర్చున్నందుకు ఇవ్వాలి. మూత్రం, విరేచనం రావడం బిడ్డ చేతిలో లేదు. తిన్నాక కాసేపటికి, రోజూ ఒకే వేళకు, కాళ్లు ఆనేలా పీట వేసి కొద్ది నిమిషాలు కూర్చోబెట్టండి. బట్టలు తడిపితే మాట్లాడకుండా మార్చేయండి. మలబద్ధకం ఉంటే ముందు దానికి మందు. నొప్పి ఉన్నంతకాలం ఏ బహుమతీ పనిచేయదు.

వేటికి బహుమతి ఇవ్వకూడదు?

దీని గురించి చాలా ఇళ్లలో, కొన్ని థెరపీ సెంటర్లలో కూడా ఆలోచించరు. "నా కళ్లలోకి చూడు" అని గింజ ఇవ్వడం, చేతులు ఆడించడం ఆపితే చాక్లెట్ ఇవ్వడం నాకు సమ్మతం కాదు. ఆ కదలికలతో బిడ్డ తనను తాను నెమ్మదించుకుంటాడు, ఎవరికీ హాని లేదు. ఆటిజం ఉన్న పెద్దవాళ్లు తమ చిన్నతనపు థెరపీల గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువగా బాధపడేది ఈ విషయం మీదే. బంధువుల ఒళ్లో కూర్చుంటే, ముద్దు పెడితే బహుమతి అన్నది అసలే వద్దు. వైకల్యం ఉన్న పిల్లలపై వేధింపుల ప్రమాదం ఎక్కువ. ఏ పెద్దవాడు ఏం చెప్పినా చేస్తే బహుమతి వస్తుందని నేర్పితే ఆ ప్రమాదాన్ని మనమే పెంచినట్టు. "వద్దు" అని చెప్పడం, తల అడ్డంగా ఊపడం, చెయ్యి తోసేయడం కూడా నేర్పాల్సిన పనులే. సరిగ్గా చెప్పినప్పుడు వాటికీ విలువ ఇవ్వండి.

అంగన్‌వాడీలో ఇంతమంది పిల్లల మధ్య ఒక్కడికే ఎలా ఇవ్వను?

అందరికీ ఇవ్వండి, పనులు వేరేగా పెట్టండి. ఒకరికి పాట చెప్పడం, ఇతనికి పాట అయ్యేదాకా చాపమీద ఉండటం. గింజలు తెచ్చిన వాళ్లకు గంట కొట్టే అవకాశం, ఆయమ్మతో గ్లాసులు పంచే పని. దానికి ఖర్చూ లేదు, ఫిర్యాదూ రాదు. వైకల్యం ఉన్న పిల్లల కోసం కేంద్రం 2023 నవంబరులో అంగన్‌వాడీ ప్రొటోకాల్ విడుదల చేసింది. పిల్లల్ని గుర్తించడం, మిగతావాళ్లతో కలిపి కూర్చోబెట్టడం, సేవలకు పంపడం అందులో ఉన్నాయి. మీ సూపర్‌వైజర్‌ను అడిగి చదవండి.

మేం అమెరికాలో ఉంటాం. బడిలో ఇంగ్లిష్, ఇంట్లో తెలుగు. గందరగోళమవుతుందా?

కాదు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు మాటలు మరింత ఆలస్యమవుతాయని పరిశోధనల్లో తేలలేదు. ఇంట్లో తెలుగు మానకండి. అక్కడ 3 ఏళ్ల నుంచి అర్హులైన పిల్లలకు ఐఈపీ, అంటే ఆ బిడ్డ కోసమే బడి తయారుచేసే విద్యా ప్రణాళిక, ఉంటుంది. బడిలో ఏ గుర్తులు వాడుతున్నారో ఐఈపీ సమావేశంలో అడిగి ఇంట్లోనూ అవే వాడండి. మాట మారినా వస్తువు ఒకటే అయితే చాలు.

ఏడీహెచ్‌డీకి మందులు వేయకుండా దీంతోనే సరిపెట్టొచ్చా?

ఈ వయసులో ముందు ప్రయత్నించాల్సింది ఇదే. 4–5 ఏళ్ల పిల్లలకు మందుల కంటే ముందు తల్లిదండ్రులకు ఇలాంటి శిక్షణ ఇవ్వాలని అమెరికన్ పిల్లల వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల్లో ఉంది. ఇప్పటికే మందులు వాడుతుంటే డాక్టరును అడగకుండా ఆపకండి.

నేర్పించేవాళ్లు ఎక్కడ దొరుకుతారు?

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ. 1984లో ఎన్‌ఐఎమ్‌హెచ్ పేరుతో మొదలైంది, పాతవాళ్లు ఇప్పటికీ అలాగే పిలుస్తారు. అక్కడ చిన్నపిల్లల కోసం సత్వర సేవల కేంద్రం ఉంది. వినికిడి లోపానికి అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా సికింద్రాబాద్‌లోనే ఉంది. అంత దూరం రాలేనివాళ్లు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో నడిచే సత్వర సేవల కేంద్రం డీఈఐసీకి వెళ్లొచ్చు. ఆశా కార్యకర్తనో, అంగన్‌వాడీ టీచర్‌నో అడిగితే దారి చెబుతారు. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాలున్నాయి. ప్రైవేటు సెంటర్‌కు వెళ్తే అక్కడి స్పెషల్ ఎడ్యుకేటర్‌కు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉందో లేదో అడగండి, అడగడానికి మొహమాటపడొద్దు. తలుపు మూసి తల్లిదండ్రుల్ని బయట కూర్చోబెట్టి, లోపల ఏం ఇచ్చి ఏం నేర్పుతున్నారో చెప్పని చోట డబ్బు కట్టకండి.